తొట్టికి మూడు స్టార్లు, దాంతో ఉచితంగా వచ్చిన సామానుకి సున్నా

నేను వడ్రంగిని. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. మా అమ్మాయి తన బిడ్డ కోసం రెడీమేడ్ తొట్టి ఆర్డర్ పెట్టిందని తెలిసిన రోజు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మనవరాలి తొట్టికని మంచి టేకు పలకలు ఏడాది ముందునుంచే నీడలో ఆరబెట్టి ఉంచాను మరి. "నాన్నా, నువ్వు చేస్తే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ దాన్ని ఎవరూ పరీక్షించి ఉండరు కదా" అంది. తను నవజాత శిశువుల వార్డులో నర్సు. ఇక నేనేం మాట్లాడతాను?

అందుకని ఈ రివ్యూ రాస్తున్నవాడికి ఈ తొట్టి మీద మొదట్లో కాస్త కడుపుమంట ఉండేదని ముందే ఒప్పుకుంటున్నాను. ఐదు నెలలు వాడాక ఆ మంట చాలావరకు చల్లారింది. పూర్తిగా కాదు.

వస్తువు ఏమిటంటే, పెద్దవాళ్ల మంచానికి ఆనించి పెట్టుకునే చిన్న తొట్టి. మూడు వైపులా గాలాడే వల గుడ్డ, మంచం వైపున్న గోడకి మాత్రం జిప్పు. జిప్పు తీసి ఆ గోడ కిందికి దించితే తల్లి లేవకుండానే బిడ్డ అందుతుంది. రెండు పట్టీలతో మంచానికి బిగించుకోవాలి. ఎత్తు మార్చుకోవడానికి కాళ్లకి మెట్లు ఉన్నాయి. బిగింపు సులువే, పెట్టెలో ఇచ్చిన అలెన్ కీతో ఇరవై నిమిషాల పని. ఒక్క స్క్రూ కూడా తక్కువ రాలేదు, ఈ రోజుల్లో అది గొప్పే.

అసలు తమాషా పెట్టె మీది బొమ్మతో మొదలైంది. బొమ్మలో తొట్టి చుట్టూ మెత్తటి దిండ్ల గోడ, బిడ్డ తల కింద గుండ్రటి దిండు, నడుము దాకా బొంత, పక్కన ఎలుగుబంటి బొమ్మ. ఇవన్నీ నిజంగానే "ఉచిత కానుక" అని పెట్టెలోనే వచ్చాయి. లోపలి పుస్తకం ఏడో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందో తెలుసా? "తొట్టిలో దిండ్లు, బొంతలు, మెత్తటి బొమ్మలు ఉంచరాదు. ఊపిరాడక ప్రమాదం." అంటే అమ్మేవాడు ఒకటి, హెచ్చరించేవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒకే కంపెనీలో జీతం తీసుకుంటున్నారు.

మా అమ్మాయి ఆ కానుకలన్నీ రెండు చేతులతో ఎత్తి గుమ్మం దగ్గర పడేసింది. వాటితో పాటు మా ఆవిడ మూడు నెలలు కూర్చుని చేత్తో కుట్టిన చిన్న బొంత, దిండు కూడా వెళ్లిపోయాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. నా టేకు పలకల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఆ రోజు మేమిద్దరం ఒక పార్టీ అయ్యాం.

ఇక పరుపు. నేను సోఫాలు కూడా చేస్తాను. ఫోమ్ నొక్కి చూస్తే చాలు, ఎలాంటిదో చెప్పగలను. ఈ తొట్టి పరుపు మీద పిడికిలి పెట్టి నొక్కగానే, ఇది పరుపు కాదు, నేల అనిపించింది. ఇలాంటిది సోఫాలో వేస్తే కస్టమర్ మళ్లీ నా గడప తొక్కడు. సుత్తి తల కిందికి పెట్టి నిలబెట్టాను, తీసేశాను. గుంట పడలేదు. "చూడు తల్లీ, ఎంత గట్టిగా ఉందో, పిల్ల వీపు ఏం కావాలి?" అన్నాను. "అలాగే ఉండాలి నాన్నా" అంది. పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే బరువు. పరుపు మెత్తగా ఉంటే తల ఉన్న చోట గిన్నెలాంటి గుంట పడుతుంది. ముఖం ఏ కాస్త పక్కకి తిరిగి ఆ గుంటలో ఆనినా, వదిలిన గాలే మళ్లీ పీల్చుకుంటూ ఉంటుంది. పెద్దవాళ్లమైతే ఉక్కిరిబిక్కిరై లేచిపోతాం. కొందరు పసివాళ్లలో మెదడు కింది భాగంలో ఉండే ఆ నిద్రలేపే ఏర్పాటు సరిగా పనిచేయదట. ఏడవరు, కదలరు, అలాగే నిద్రలో పోతారు.

ఆ మాట దగ్గర మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను మాత్రం కూర్చుని మొత్తం విన్నాను. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఉన్నట్టుండి నిద్రలో చనిపోవడాన్ని డాక్టర్లు సిడ్స్ అంటారు. ఎక్కువగా రెండు, నాలుగు నెలల మధ్య జరుగుతుంది, ఆరు నెలలు దాటాక బాగా తగ్గిపోతుంది. 1994లో ఇద్దరు పరిశోధకులు, ఫిలియానో, కిన్నీ అనేవాళ్లు, దీన్ని మూడు విషయాల కలయికగా వివరించారట. బిడ్డలో మనకు కనపడని ఒక బలహీనత, ఎదుగుదలలో ఆ సున్నితమైన వయసు, బయటినుంచి వచ్చే ఏదో ఒక ఒత్తిడి. ఆ ఒత్తిడి అంటే బోర్లా పడుకోవడం, మెత్తటి పక్క, పొగ, ఉక్కపోత లాంటివి. మూడు కాళ్ల స్టూలు లెక్క అన్నమాట. మొదటి రెండు కాళ్లు మన చేతిలో లేవు. మూడోది లాగేస్తే స్టూలు నిలబడదు. ఇలా చెప్పాక నాకు తొట్టి కొత్తగా కనిపించింది. దాంట్లో ఏముందా అని కాదు, ఏం లేదో చూడాలి. పరుపుకీ గోడకీ మధ్య సందు చూశాను, రెండు వేళ్లు పట్టలేదు. దుప్పటి పరుపుకి తొడుగులా గట్టిగా పట్టి ఉంది, లాగితే రాలేదు. ఈ రెండింటికీ నా మార్కులు ఫుల్.

వెల్లకిలా పడుకోబెట్టడం మా ఇంట్లో పెద్ద గొడవ. మా ఆవిడ భయం ఒకటే, కక్కితే గొంతులోకి పోదా అని. నాకూ అదే అనుమానం. మా అమ్మాయి ఒక కాగితం తీసుకుని రెండు గొట్టాల బొమ్మ గీసింది. ఇది నాకు చక్కగా అర్థమైంది, ఎందుకంటే ఇది పైపుల లెక్క. బిడ్డ వెల్లకిలా ఉంటే గాలి గొట్టం పైన, ఆహారం గొట్టం కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు పల్లానికే పోతాయి, అంటే తిరిగి కింది గొట్టంలోకే. గాలి గొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా వేస్తే ఆ వరస తిరగబడుతుంది, గాలి గొట్టం కిందికి వస్తుంది. పక్కకి పడుకోబెట్టినా లాభం లేదు, అక్కడినుంచి బోర్లా పడటం ఎంతసేపు?

"మరి నిన్ను బోర్లానే పడుకోబెట్టాం కదే" అంది మా ఆవిడ. గొంతు అదోలా ఉంది. నిజమే, అప్పట్లో మాకు తెలిసినవాళ్లంతా అలాగే చేశారు, ఒక డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా వద్దని చెప్పింది 1992లో. 1994లో అక్కడ ఊరూరా ప్రచారం మొదలుపెట్టారు. ఆ తర్వాత సిడ్స్ చావులు సగానికి పైగా తగ్గాయి. మందు లేదు, సూది లేదు, బిడ్డని తిప్పి పడుకోబెట్టారు, అంతే. ఆ వార్త మా దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది. మా అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. బిడ్డ లేచి ఏడవడంతో ఆ సంభాషణ అక్కడితో ఆగింది.

మెలకువగా ఉన్నప్పుడు మాత్రం రోజూ కాసేపు బోర్లా వేస్తాం, మనిషి పక్కనే కూర్చుని. మెడ గట్టిపడుతుంది, తల వెనక చదును కాకుండా ఉంటుంది. ఆ డ్యూటీ నాది.

ఇప్పుడు స్టార్లు ఎక్కడ కోశానో చెబుతాను.

మొదటిది వాలు. ఈ తొట్టికి తల వైపు కాళ్లు ఎక్కువ మెట్లు, కాళ్ల వైపు తక్కువ మెట్లు పెట్టుకుని వాలుగా చేసుకోవచ్చు. "పాలు కక్కే పిల్లలకి ప్రత్యేకం" అని పెట్టె మీద పెద్దగా రాశారు. నేను రసమట్టం పెట్టి, టేపు తీసి కొలిచాను. రెండు వైపుల కాళ్ల మధ్య 83 సెంటీమీటర్లు. ఒక్కో మెట్టు 5 సెంటీమీటర్లు. మూడు మెట్ల తేడా పెడితే 15 సెంటీమీటర్ల ఎత్తు. అంటే అడుగుకి రెండంగుళాల పైచిలుకు వాలు, డిగ్రీల్లో చెప్పాలంటే పది దాటింది. సరిగ్గా ఆ పది డిగ్రీల దగ్గరే అమెరికా 2022లో చట్టం చేసి గీత గీసింది, పసిపిల్లల పడక అంతకు మించి వాలు ఉంటే అమ్మడానికే వీల్లేదు. మెత్తటి దిండ్ల గోడల్ని కూడా అదే చట్టంలో నిషేధించారు. అంతకుముందు 2019లో అక్కడ ఒక వాలు పడకని 47 లక్షల వరకు వెనక్కి పిలిచారు, 30కి పైగా పిల్లలు పోయాక. వాలు మీద బిడ్డ మెల్లగా జారుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, సన్నటి గాలి గొట్టం మడత పడుతుంది. పోనీ కక్కడం తగ్గుతుందా అంటే అదీ లేదట. పది లోపల పెట్టుకుంటే చాలా అనడిగితే, అసలు వాలే వద్దు, చదునుగా ఉండాలి అంది మా అమ్మాయి. నేను నాలుగు కాళ్లూ ఒకే మెట్టులో పెట్టి, రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా చూసి, ఆ బటన్ల మీద టేపు చుట్టేశాను. వద్దన్న పనికి బటన్ ఇచ్చి అమ్మినందుకు ఒక స్టార్ కోత.

రెండోది పట్టీలు. మొదటి వారం బాగా బిగుతుగా ఉన్నాయి. మూడో వారానికి పట్టీ బకిల్‌లో జారడం మొదలైంది. ఒక పొద్దున చూస్తే తొట్టికీ మంచానికీ మధ్య మూడు వేళ్ల సందు. ఆ వైపు గోడ దించి ఉంటే ఆ సందులోకి బిడ్డ ముఖం జారే ప్రమాదం ఉంది, మాటవరసకి చెబుతున్నది కాదు. నేను వెంటనే రెండు ఎల్ క్లాంపులు తెచ్చి మంచానికి స్క్రూ చేసేద్దామని బయలుదేరాను. "నాన్నా, దీనికి నీ మార్పులు ఒక్కటి కూడా వద్దు" అని గుమ్మంలోనే ఆపేసింది. కంపెనీకి రాస్తే పది రోజులకి కొత్త పట్టీలు పంపారు, అవీ అలాగే జారాయి. దాంతో రాత్రిళ్లు ఆ గోడ ఎప్పుడూ లేపే, జిప్పు వేసే ఉంచాం. పాలివ్వడానికి జిప్పు తీయడం, ఇచ్చాక మళ్లీ వేయడం. దేని కోసమైతే ఈ తొట్టి కొన్నారో ఆ సౌకర్యమే వాడలేకపోయారు. రెండో స్టార్ అక్కడ పోయింది.

అయినా తల్లి మంచం మీద కాకుండా, పక్కనే వేరే పడక మీద బిడ్డ ఉండటం ఎంత నయమో ఐదు నెలల్లో చూశాను. కనీసం ఆరు నెలలు ఒకే గదిలో, కానీ వేరే పక్క మీద అన్నది ఇప్పుడు డాక్టర్లు చెప్పే మాట. తల్లి పాలిస్తూ మంచం మీదే కునుకు తీసినా, మెలకువ రాగానే చెయ్యి చాపి తొట్టిలో వేసేస్తుంది. సోఫా సంగతి వేరు. నేనొకసారి బిడ్డని ఛాతీ మీద వేసుకుని సోఫాలో కూర్చున్నాను. నేను చేసిన సోఫానే, మంచి ఫోమ్. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలీదు. కళ్లు తెరిచేసరికి బిడ్డ మా అమ్మాయి చేతుల్లో ఉంది, అమ్మాయి ముఖం పాలిపోయి ఉంది. బిడ్డ నా చంకకీ సోఫా చేతికీ మధ్యకి జారుతోందట. అరవలేదు, తిట్టలేదు. "నిద్రొస్తే నాకు ఇచ్చెయ్ నాన్నా" అంది, అంతే. ఆ సోఫాలో బిడ్డతో నేను మళ్లీ కూర్చోలేదు.

మా అల్లుడి కానుక గురించి కూడా రాయాలి. బిడ్డ పాదానికి తొడిగే మేజోడు, దాంట్లో చిన్న లైటు, ఫోన్‌లో రక్తంలోని ఆక్సిజన్, గుండె లెక్కలు కనిపిస్తాయి. ఆరో రోజు రాత్రి రెండున్నరకి ఇల్లు అదిరిపోయేలా అలారం మోగింది. మేం నలుగురం తొట్టి మీద పడ్డాం. బిడ్డ హాయిగా నిద్రపోతోంది, మేజోడు ఊడి మడమ దగ్గర వేలాడుతోంది. అదే వారంలో ఇంకో రెండు సార్లు. అల్లుడికి టెన్షన్ తగ్గుతుందని కొన్నది కాస్తా, ఆ కుర్రాడు ఫోన్ చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకోవడం మొదలుపెట్టాడు. ఇలాంటివి సిడ్స్‌ని ఆపుతాయని రుజువు లేదు, వాటి ధైర్యంతో మిగతా జాగ్రత్తలు వదిలేస్తారన్నదే అసలు భయం అని మా అమ్మాయి చెప్పి వాపసు పంపించింది. దానికి వేరే రివ్యూ రాయను.

యంత్రం పోయాక కాపలా నేను కాశాను కొన్ని రాత్రులు. అప్పుడు ఒకటి గమనించి నా గుండె ఆగినంత పనైంది. బిడ్డ పొట్ట పైకీ కిందికీ ఆడుతూ ఆడుతూ ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడు అనేలోపు గబగబా నాలుగైదు ఊపిర్లు తీసి మళ్లీ మామూలైంది. అమ్మాయిని లేపాను. నిద్రకళ్లతోనే చెప్పింది, చిన్న పిల్లలు అలాగే తీస్తారట, పది సెకన్ల లోపు ఆగి మళ్లీ అందుకోవడం మామూలే. ఇరవై సెకన్లు ఆగినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు వాలిపోయినా అప్పుడు పరుగెత్తాలి. నన్నూ నిద్రపొమ్మంది. నేను ఇంకో గంట లెక్కపెట్టాను.

బొంత లేకపోతే చలి వేయదా అనేవాళ్లకి: చేతులు బయటికి ఉండి, ఒళ్లంతా సంచిలా పట్టే స్లీప్ సాక్ వాడాం. మెడ దగ్గర వదులు లేకుండా సైజు చూసుకోవాలి, బరువులు కుట్టినవి అసలు వద్దు. ఇంట్లో టోపీ తీసేయాలి, ఎందుకంటే పసివాళ్లకి వేడి తల నుంచి బాగా బయటికి పోతుంది. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని మా ఆవిడ కంగారుపడేది. అవి చూడకూడదు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ చెమట ఉంటే ఒక పొర తగ్గించాలి. ఇంట్లో చుట్ట, సిగరెట్టు సంగతి చెప్పనక్కర్లేదు. నేను మాత్రం బిడ్డ పుట్టకముందే, ఐదో నెలలోనే మానేశాను. మా అమ్మాయి పెట్టిన మొదటి షరతు అదే.

మొత్తంగా కొనొచ్చా అంటే, ఈ తొట్టి కొనొచ్చు, నాలుగో గోడ దించకుండా, వాలు పెట్టకుండా, కానుకల సంచి విప్పకుండా వాడేట్టయితే. గట్టి పరుపు, చదునైన అడుగు, ఖాళీ లోపల. ఆ మూడూ ఇందులో బాగున్నాయి. ఎక్కువ రోజులకి మాత్రం రాదు. పోయిన వారం మనవరాలు అరచేతుల మీద లేచి, సగం దొర్లి, నా వైపు చూసి నవ్వింది. బిడ్డ అలా లేవడం మొదలుపెడితే ఇది ఆపేయాలని పుస్తకంలోనే ఉంది. ఆ సాయంత్రమే పెద్ద తొట్టి ఆర్డర్ పెట్టారు, అదీ పరీక్ష పాసైనదే. వచ్చాక కమ్మీల మధ్య సందు నేనే కొలిచాను, 6 సెంటీమీటర్లకి లోపే.

టేకు పలకలు ఊరికే ఉండిపోయాయి కదా. తొట్టికి ఎదురు గోడకి, పడినా తొట్టిలో పడనంత దూరంలో, మూడు అరల బీరువా చేశాను. చీలలు లేవు, అన్నీ చెక్కలో చెక్క దిగే కూసాలే. పై అరలో ఎలుగుబంటి కూర్చుంది. మధ్య అరలో బొంత మడిచి ఉంది. కింది అర వెడల్పు మా ఆవిడ కుట్టిన దిండు కొలత తీసుకునే కోశాను.